అలల బండ కింద బీటలు

ఇట్లా దగ్గరికి రాండమ్మా, చెప్తా. యాభై రెండు కరువులో, కోయిలకుంట్ల పక్క పల్లెలో, బాయికాడ పరిచిన నాపబండ మీది అలల మాదిరి గీతలను ఒక స్వామి అందరికీ చూపిస్తాండాడు.

"ఇవి అలల గుర్తులు! పాపం పెరిగి లోకమంతా మునిగినప్పటివి. ఇప్పటి కరువు, మారుమనువు చేసుకున్న ఈ గురమ్మ పాపం. దీన్ని నీళ్లు ముట్టనియ్యాకండి."

గురమ్మ ఖాళీ కడవతో నిలబడిపోయింది. పక్కనున్న సిద్దమ్మ తన నిండు కడవను ఎడంగా జరుపుకునింది. జరిపిన చోట బండ పెచ్చు లేచి, అలల కింది పొర కనపడింది. అంతా ఎండిన చెరువు మాదిరి బీటలే.

"స్వామీ, కింది పొర ముందుది గదా. నీ ప్రళయానికి ముందే కరువుండాదే. అదెవురి పాపం?" అనడిగింది సిద్దమ్మ.

"అది దైవలీలమ్మా."

"థూ! అప్పటిది దైవలీల, ఇప్పటిది గురమ్మ పాపమా?"

స్వామి మీదా, కడవ జరిపిన తన చేతి మీదా రోత పుట్టింది సిద్దమ్మకు. "పట్టుకో వదినా" అని తన నీళ్లన్నీ గురమ్మ కడవలోకి వంచేసింది.

మరవాకండమ్మా. కరువును ఎవురన్నా ఆడదాని నెత్తిన రుద్దితే, ఈ బండ సంగతి చెప్పండి.