లేబుల్ మీద లేనిది

పరీక్షయంత్రం తెర మీద ఆ గీత నిటారుగా లేచేసరికి సూక్ష్మంగారి చేతిలోని పెన్ను జారి కిందపడింది.

అది అక్కడ ఉండకూడని గీత. సీసా మీద అశ్వగంధ అని ఉంది. మెంతులు, పల్లేరుకాయలు, జింకు అని ఉంది. "మగసిరికి నూటికి నూరుపాళ్లు సహజమైన బలం" అని బంగారురంగు అక్షరాల్లో ఉంది. తీరా చూస్తే లోపల మెంతిపిండి దండిగా ఉంది, అశ్వగంధ పేరుకి ఉంది, పల్లేరు జాడే లేదు. వాటి చాటున, లేబుల్ మీద ఎక్కడా లేని సరుకు ఒకటి నక్కి ఉంది. ఫ్యాక్టరీలో తయారైన హార్మోను.

"కాలేయాన్ని తినేస్తుంది సార్ ఇది," అంది పక్కనున్న సహాయకురాలు. "ఫిర్యాదు చేసినావిడ భర్త పచ్చకామెర్లతో ఆసుపత్రిలో పడున్నాడు. ఇంకో ఇద్దరు కూడా చేరారట. ఇలాంటివి పప్పుబెల్లాల్లా ఎలా మింగుతారండీ? మరీ ఇంత అమాయకులా!"

సూక్ష్మంగారు వంగి పెన్ను వెతుక్కున్నారు. ఆ అమాయకుల్లో ఆయన కూడా ఒకరు. అదే దుకాణం, అదే బ్యాచ్. మూడు సీసాలు ఒకేసారి కొన్నారు. మూడు నెలలుగా రోజుకి రెండు క్యాప్సూళ్లు.

ముప్పై ఏళ్లుగా ఏ సీసాలో ఏముందో తేల్చి చెప్పిన మనిషి. నలుసుని కూడా వదలరని ల్యాబులో అందరూ కలిసి పెట్టిన పేరే సూక్ష్మం. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆయన పని.

యాభై దాటాక ఆయనకి మెట్లెక్కితే ఆయాసం. ఇంటికొస్తే కుర్చీ, కుర్చీలో కునుకు. భార్య ఏమడిగినా "ఊఁ". ఆ దశలో తెచ్చుకున్నారు సీసాలు. కుట్టుపని చేసుకునే భార్య కళ్లజోడు పెట్టుకుని లేబులంతా చదివింది.

"ఏది ఎంతుందో రాయలేదేంటండీ?"

"అన్నీ కలిపిన రహస్య మిశ్రమం. చెబితే ఇంకోడు కాపీ కొట్టడూ?" అన్నారు ఈ నిపుణులు.

పదిరోజులకల్లా మెట్లు రెండేసి ఎక్కారు. స్నానాలగదిలో పాటలు. కుట్టుమిషను వెనకాల నిలబడి సరసాలు. "వయసు పెరిగేకొద్దీ బుద్ధి తగ్గుతోందా?" అని ఆవిడ కసిరేది, ముఖం నిండా నవ్వుతోనే. ఇంత హాయిగా పనిచేస్తున్నదాన్ని పరీక్ష పేరుతో కెలకడం దేనికని ఆయన ఊరుకున్నారు.

ఇప్పుడు గబగబా ల్యాబు బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశారు.

"సీసాలో ఏమైనా మిగిలాయా?"

"ఎక్కడివీ? ఆఖరి రెండూ పొద్దున్న మీ చేతిలో పెట్టానుగా."

"అది విషమే!" అంటూ సంగతంతా చెప్పేశారు.

అటువైపు కుట్టుమిషను ఆగింది. "రక్తపరీక్ష చేయించుకోండి. కంగారు పడకండి," అంది ఆవిడ. మిషను మళ్లీ మొదలైంది.

సూక్ష్మంగారికి ఒళ్లు మండింది. మొగుడు పోతున్నాడంటే ఇదా పలకరింపు? రోజూ లెక్కపెట్టి, నీళ్లగ్లాసుతో సహా అందించింది ఆవిడే. సీసాలు దాచింది ఆవిడ అలమరలోనే. బీమా కాగితాలు కూడా ఆ అలమరలోనే ఉన్నాయని ఇప్పుడు గుర్తొచ్చింది. ఛీ, ఇదేం బుద్ధి అనుకున్నారు. కాసేపాగి మళ్లీ కాగితాలే గుర్తొచ్చాయి.

ఆసుపత్రిలో పరీక్షకి రక్తం ఇచ్చాక కాలుకాలిన పిల్లిలా వరండా అంతా తిరిగారు. అద్దం కనబడ్డప్పుడల్లా కనురెప్ప కిందికి లాగి చూసుకున్నారు. ఒకసారి పసుపుగా కనబడింది, ఒకసారి కనబడలేదు. నాలుగింటికి డాక్టరమ్మ పిలిచింది.

"ఇరవై ఏళ్లవాడి కాలేయమండీ మీది. ఎందుకొచ్చారసలు?"

ఇంటికి చేరేసరికి భయం పోయింది. దాని చోట ఇంకేదో చేరింది.

"చూశావా! తొంభై రోజులు తిన్నా చెక్కుచెదరలేదు," రిపోర్టు భార్య ముందు ఆడించారు. "ఆ ఆసుపత్రిలోవాళ్లు తాగుబోతులై ఉంటారు. మందుది తప్పు కాదు."

సంచిలోంచి ఆ మందు పరీక్ష నివేదిక తీసి బల్ల మీద పరిచారు. చివరి వరుస ఖాళీగా ఉంది: మనుషుల వాడకానికి సురక్షితమా, కాదా? కాదని రాస్తే రేపటికి దుకాణాల్లో ఒక్క సీసా మిగలదు. ఆయనకీ దొరకదు. మళ్లీ ఆ కుర్చీ, ఆ కునుకు. తలచుకుంటేనే ఏడుపొచ్చింది. అవునని రాస్తే, లేబుల్ తప్పుకి కంపెనీకి జరిమానాతో సరి.

"అంటే ఇంకా అమ్మనిస్తారా?" అంది ఆవిడ.

"అమ్మితే ఏం? బతికున్న సాక్ష్యం నేనున్నాగా!"

పెన్ను మూత తీశారు. "సు" అని రాశారు కూడా. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది. పొద్దుటినుంచీ తొణకని మనిషి పట్టు ఇప్పుడు బిగిసింది.

"రాయకండి. అవతల ముగ్గురి ప్రాణాలు."

"వదులు. నాకేమీ కాలేదుగా?"

ఆవిడ వదల్లేదు. ఆయన ముఖంలోకి చూసింది. ఆ మూడు నెలల నవ్వు ఇక కనబడదేమో అన్నట్టు చాలాసేపు చూసింది.

"నన్ను తిట్టినా సరేనండీ," అంది చివరికి, "సీసాలు తెచ్చిన రోజే ఆ మందంతా పారబోశాను, మీరింతకాలం మింగింది నేను క్యాప్సూళ్లలో నింపిన గోధుమపిండి."