విసిరే చెయ్యి

సలీం విసిరిన బంతి ఈసారి కూడా మైదానం ఆ చివరిదాకా వెళ్లింది. వెళ్లి అవతలి జట్టువాడి చేతుల్లోనే పడింది. అలా పడటం ఇది మూడోసారి.

ఫోర్మన్ ఈల వేసి ఆట ఆపించాడు. ఆయన అమెరికావాడు. రియాద్ శివార్లలోని సులైలో తన కింద పనిచేసే కూలీలకు తన దేశపు బంతాట నేర్పి, క్యాంపుల పోటీలో ఈ శుక్రవారం ఫైనలు దాకా తెచ్చాడు. సలీంని పక్కకి జరగమని, ఆదాము వైపు వేలు చూపించాడు. ఇక నువ్వు విసురు, సలీం పరిగెత్తి పడతాడు అన్నాడు.

ఆదాము కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొసలూ మొనదేలి పెద్ద కరక్కాయలా ఉంటుంది. ఒకడు వెనక నిలబడి విసరాలి, ముందుకు పరిగెత్తేవాడు అది నేల తాకకుండా పట్టాలి. పట్టినవాణ్ణి అవతలివాళ్లు ముట్టుకుంటే అక్కణ్ణుంచి మళ్లీ మొదలు. అలా చివరి గీత దాటించాలి. విసిరేవాడి చేతిలో బలం లేకపోతే కప్పు మాట మర్చిపోవడమే అని క్యాంపులో అందరూ అనేవారు.

ఆదాము కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవక ఆరు నెలలైంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. తల దువ్వుకోవాలంటే చెయ్యి ఎత్తలేక తలనే చేతి దగ్గరికి వంచుకునేవాడు. అదీ గదిలో ఎవరూ లేవకముందే.

తెలిస్తే ఏమవుతుందో తన గదిలోనే ఉండిన యిర్మీయా విషయంలో చూశాడు. బస్తా మోస్తుంటే యిర్మీయాకి నడుం పట్టేసింది. కంపెనీ డాక్టరు ఎక్కువేం మాట్లాడలేదు. రేపు క్లినిక్కి రా, ఇకామా తీసుకురా అన్నాడు, అంతే. ఈ దేశంలో ఉండనిచ్చే ఆ కార్డు మళ్లీ యిర్మీయా చేతికి రాలేదు. వారం తిరక్కుండా ఇక తిరిగిరాకుండా ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టి విమానం ఎక్కించారు.

ఊరెళ్లడానికి ఆదాముకి భయం లేదు. భార్య సుందరి ఇదే రియాద్‌లో ఒక సౌదీ ఇంట్లో పని చేస్తోంది. ఆమె ఒప్పందం ఇంకా పద్నాలుగు నెలలు ఉంది. పాస్‌పోర్టు ఆ ఇంటాయన దగ్గరే ఉంది. అక్కడ ఏం జరిగినా చెప్పుకోవడానికి ఈ దేశంలో ఆమెకున్నది ఆదాము ఒక్కడే.

ఇవాళ ఆ డాక్టరే ముఖ్య అతిథి. టెంటు కింద ముందు కుర్చీలో కూర్చుని ఖర్జూరాలు తింటున్నాడు.

తన వల్ల కాదని, ఇంకెవరినైనా పెట్టమని ఆదాము బతిమాలాడు. ఫోర్మన్ వినలేదు. సైటులో మూడు నెలలుగా గమనిస్తున్నానన్నాడు. సలీం విసిరిన ఇటుకలు మూడో అంతస్తుకి వెళతాయి గానీ సగం పగులుతాయి. ఆదాము నడుం దగ్గర నుంచి ఎగరేసిన ఇటుక పైవాడి చేతిలో పువ్వులా వాలుతుంది. నాకు ఆ చెయ్యి కావాలన్నాడు. ఆ చెయ్యి నడుం దగ్గరే ఎందుకు ఆగిపోతోందో ఆయనకి తెలియదు.

సలీం మొహం మాడ్చుకుని దగ్గరికొచ్చాడు. కడపవాడు, మాట దాచుకోడు.

"ఏందన్నా, నువ్వు విసిరితే అది నా మోకాళ్ల కాడికన్నా వస్తాదా?"

"నువ్వు దూరం పోమాక. నాలుగడుగుల్లో ఉండు. చేతిలో పెడతాను."

"నాలుగడుగులకు కప్పు ఎవడిస్తాడన్నా మనకు?"

ఆదాము బంతిని నడుం దగ్గర పట్టుకుని ఇటుక ఎగరేసినట్టే ఎగరేశాడు. సలీం పట్టి నాలుగడుగులు పరిగెత్తాడు. మళ్లీ ఎగరేశాడు. మళ్లీ నాలుగడుగులు. అవతలి జట్టువాళ్లు, కోళ్లకి గింజలు వేస్తున్నాడని నవ్వారు. వాళ్లంతా దూరపు బంతి కోసం వెనకాల కాచుకుని ఉన్నారు. వాళ్లు ముందుకొచ్చేసరికి సలీం ఇంకో నాలుగడుగులు వెళ్లిపోయేవాడు. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి.

బంతి ఎగరేసినప్పుడల్లా ఆదాము కళ్లు టెంటు వైపే వెళ్లేవి. ఒకసారి డాక్టరు కుర్చీలోంచి లేచాడు. ఆదాము బంతి ఎగరేయకుండా ఆగిపోయాడు. ఆయన ఒళ్లో పడ్డ ఖర్జూరం గింజలు దులుపుకుని మళ్లీ కూర్చున్నాడు.

రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. గీతకి ఇంకా అయిదడుగులుంది. ఇదే ఆఖరి బంతి అన్నారు. ఈసారి అవతలివాళ్లు గుంపుగా ఆదాము మీదికే వచ్చారు. ఒకడి మోచెయ్యి సరిగ్గా ఆ భుజం మీదే తగిలింది. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. పళ్లు బిగించి, వాళ్ల చేతుల కిందనుంచి బంతిని జారవిడిచాడు. సలీం పట్టాడు. గీత దాటాడు.

కప్పు ఇవ్వడానికి డాక్టరే వచ్చాడు. ఆదాము ఎడమచేత్తో అందుకుని, కుడిచెయ్యి కింద ఆనించి, గుండెకి హత్తుకున్నాడు. అందరూ కెమెరా ఫోన్లు పట్టుకుని, పైకెత్తు పైకెత్తు అని అరుస్తున్నారు. ఆదాము వినపడనట్టు నవ్వుతూ రెండడుగులు వెనక్కి వేశాడు. డాక్టరు తన కారు వైపు తిరిగాడు. సుందరికి సాయంత్రం ఫోన్ చేసి ఈ నాలుగడుగుల సంగతి చెప్పాలనుకున్నాడు ఆదాము.

వెనకనుంచి సలీం వచ్చి వాటేసుకున్నాడు. కళ్లనిండా నీళ్లు.

"నాలుగడుగులకే ఇచ్చినారన్నా కప్పు. ఈ చెయ్యి లోకమంతా చూడాల," అంటూ ఆదాము కుడి మణికట్టు పట్టుకుని, ప్రేమ కొద్దీ ఒక్క గుంజు పైకి గుంజాడు.

ఆదాము పెట్టిన కేక మైదానం ఆ చివరిదాకా వినిపించింది. కప్పు ఇసకలో దొర్లింది.

డాక్టరు వెనక్కి వచ్చాడు. కప్పు తీసి, ఇసక దులిపి, సలీం చేతుల్లో పెట్టాడు. ఆదాము భుజం మీద రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూశాడు.

"బాగా ఆడావు," అన్నాడు. "రేపు క్లినిక్కి రా. ఇకామా తీసుకురా."