రెండు గీతలు

"ఇవి మా నెమలి కంపెనీ పేరుతో అమ్ముతున్న నకిలీలు. మీ లేతు మిషను జప్తయి కోర్టుకు పోతుంది," అన్నాడు కంపెనీ మనిషి రాధాకృష్ణమూర్తి, బజారులో పట్టుకున్న క్యారమ్ కాయిన్ల డబ్బా కళావతి ముందు పడేసి.

ఉప్పుగూడలో పదేళ్లుగా చెక్కను తిప్పి కాయిన్లు చెక్కే ఆ లేతే ఆమె ఇల్లు నడుపుతోంది.

"నకిలీ ఏంది సార్? నెమలి బోర్డు మీద ఆడెటందుకు చేస్తున్న. గట్ల చెప్పుడు గూడ తప్పేనా?"

"మా బోర్డుకు పనికొస్తాయని చెప్పి అమ్ముకోండి, చట్టం కాదనదు. మావేనని అమ్మితేనే కేసు."

"కంపెనీది కాదు, కళావతిది అని తెలిసెటట్టు ప్రతి కాయిన్ అడుగున రెండు గీతలు గీస్త. తిప్పి సూడు సార్, కండ్లు లేవా?"

అతను ఒకటి తిప్పి ఆమె చేతిలో పెట్టాడు. గీతలు లేవు. ఆ చోట నెమలి ముద్ర ఉంది.

కళావతి బొటనవేలితో తడిమింది. పని తనదే. అడుగున మాత్రం ఎవరో గరుకు కాగితంతో రుద్దారు.

డబ్బాలు బజారుకు మోసేది మొగుడు శివయ్య ఒక్కడే. అతను గడప దగ్గర తల వంచుకున్నాడు.

"నీ గీతలుంటే షాపోళ్లు తీస్కుంటలేరే, అందుకే గీకి నెమలి ముద్ర ఏసిన," అని గొణిగాడు.

"పదేండ్ల సంది నేను గీసుడు, నువ్వు గీకుడా?"

ఆమె రాధాకృష్ణమూర్తి వైపు తిరిగింది.

"కేసు రాసుకో సార్. పేరు శివయ్య. లేతు మాత్రం నాది, దాన్ని ముట్టకు."