ఇంకా రెండు గంటలు

ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని తిరుపతి ఆస్పత్రిలో చెప్పేశారు. తిరుమలమ్మ భర్తను బాడుగ కారులో వెనక సీట్లో కూర్చోబెట్టుకుంది. పులికాట్ ఒడ్డున ఉన్న తమ ఊరు చేరేదాకా ఆయన ప్రాణం నిలిస్తే చాలనుకుంది.

తెల్లవారుజాము నుంచి స్టీరింగు వదలని డ్రైవరు దయానంద్‌కు కళ్లు మండుతున్నాయి. కొత్త కారు తెరమీద దారి నీలంగా సాగుతోంది. ఇంకా రెండు గంటలని చూపిస్తోంది.

"ఏసీ తగ్గించప్పా. ఆయనకు చలిగా ఉండాదంట," అంది తిరుమలమ్మ. తగ్గించాడు.

శ్రీకాళహస్తి దాటాక ఆమె భర్త తలను తన భుజం మీదికి లాక్కుంది. తర్వాత మెల్లగా, "మళ్లీ పెంచప్పా. ఉక్కగా ఉండాదంట," అంది.

దయానంద్ అద్దంలోకి ఒకసారి చూసి, ఏసీ పూర్తిగా పెంచాడు. దారి చెప్పే గొంతును ఆపేశాడు. టీ కోసం కూడా ఎక్కడా ఆగలేదు.

సూళ్లూరుపేట దాటి కొంతదూరం పోయాక తెరమీద దారి అయిపోయింది.

"ఇంక నువ్వే చెప్పాలమ్మా," అన్నాడు. ఆమె చెయ్యి చూపిస్తూ ఇంటిదాకా తీసుకెళ్లింది.

కారు ఆగినా ఆమె దిగలేదు.

"కాళాస్తి దాటినాకే పోయినాడప్పా. చెప్తే యాడ దించేస్తావో అని దాచిపెట్టినా."

దయానంద్ వెనక్కి తిరగలేదు.

"నేను అప్పుడే సూసినానమ్మా. నీకింకా తెలీదేమో, ఇల్లు చేరేదాకా తెలీకపోతే మేలని నేనూ దాచినా."