రాయికి మీసాలు

“రాళ్లు ఎవరు కడిగారు?” చేపల బకెట్ కింద పెట్టకుండానే అడిగాడు, తన పాత సముద్రపు చేపల అక్వేరియాన్ని ఆ దంపతులకి అమ్మిన పెద్దాయన.

“నేనే సార్. సబ్బేసి రుద్దా. ఎంత పాచో!” భర్త ఛాతీ పొంగింది.

“చేపల మలంతో నీళ్లలో చేరే విషాన్ని విరిచే సూక్ష్మజీవులన్నీ ఆ రాళ్లలోనే ఉంటాయి బాబూ. ఇప్పుడు చేపల్ని వదిలితే వారం తిరక్కుండా చస్తాయి.”

“మా ఆయన జన్మలో కాఫీ కప్పు కడిగి ఎరగరు. కడగకూడనివి మాత్రం అద్దంలా తోమారు,” అంది భార్య.

పెద్దాయన బకెట్‌తో గుమ్మం వైపు తిరిగాడు. “ఈ చేపల్ని ఇవ్వలేనమ్మా.”

“ఒక్క నిమిషం.” ఆమె వంటగదిలోంచి గిన్నె తెచ్చింది. అందులో పాత ఉప్పునీళ్లు, కడగని రాయి ఒకటి. రాయి కన్నంలోంచి ఏదో పురుగు మీసాలు ఆడిస్తోంది.

“‘మీ రాయికి మీసాలొచ్చాయి’ అని ఈయన్ని ఏడిపిద్దామని దాచా. నిజానికి అది కదులుతుంటే సబ్బుకి అప్పగించబుద్ధి కాలేదు.”

పెద్దాయన బకెట్ కింద పెట్టాడు. “ఈ ఒక్క రాయి చాలు తల్లీ, తొట్టె మెల్లగా మళ్లీ బతుకుతుంది. అందాకా చేపలు నా దగ్గరుంటాయి. ఇంతకీ పెంచేది ఎవరు?”

సగం లేచిన భర్త చెయ్యి భార్య వైపు తిరిగింది.

“ఆవిడే సార్. నేను కప్పులు కడుక్కుంటా.”