గమ్మునున్నవాళ్ళు ముందు

“నన్ను చూడప్పా ముందు, చెయ్యి ఇరిగిపోయుండాది” అని శనక్కాయల వ్యాపారి వెంకటరాయప్ప అరుస్తూనే ఉన్నాడు. కండక్టరు రామాంజినప్ప అతన్ని దాటుకొని పోయి, తుమ్మచెట్టు కింద ఉలుకూ పలుకూ లేకుండా పడివున్న ముసలి హనుమక్క పక్కన కూలబడ్డాడు.

గూళూరు దాటినాక వచ్చే మలుపులో, ఎండిన వంకలోకి బస్సు ఒరిగి పడివుంది. ఎదురుగా ఎద్దులబండి వచ్చింది, బండి నిండా కూలికి పోయి వచ్చే ఆడవాళ్ళు. డ్రైవరు బయ్యప్ప స్టీరింగు పక్కకు తిప్పేశాడు. బండి బయటపడింది, బస్సు పడింది.

నిద్ర లేక రామాంజినప్పకు ఒళ్ళు తేలిపోతోంది. మొన్నా నిన్నా చింతామణిలో స్కూలు వరండాలో కూర్చోబెట్టి బస్సు కంపెనీల వాళ్ళందరికీ తరబేతి ఇచ్చారు. రోడ్డు మీద ఎట్లా పోవాలి, మనుషులకు దెబ్బలు తగిలితే డాక్టరు వచ్చేలోగా ఏం చేయాలి, అదంతా. పగలంతా తరబేతి, అది అయినాక ఆఖరి ట్రిప్పు. కోలారు నుంచి వచ్చిన డాక్టరు చెప్పిందాంట్లో సగం నిద్రమత్తులో పోయింది గానీ, కొన్ని మాటలు మాత్రం చెవిలో అతుక్కుపోయాయి. అరిచేవాడికి ఊపిరుంది, వాడు ఆగుతాడు. గమ్మునున్నవాళ్ళ దగ్గరికి ముందు పోండి. రక్తం కారే చోట గుడ్డ పెట్టి అదిమి కట్టండి. పొట్టకు దెబ్బ తగిలితే చుక్క నీళ్ళు కూడా తాగనీయొద్దు.

గమ్మునున్నవాళ్ళ మాటకు వరండా అంతా నవ్వింది. స్టీరింగు పట్టుకుంటే ఊరు చేరేదాకా నోరు తెరవని బయ్యప్ప అక్కడే కూర్చొని ఉన్నాడు మరి.

“అట్లయితే మా బయ్యప్ప మామ దగ్గరికి దినామూ పోవాల సార్. ఆయప్ప పుట్టినప్పటి నుంచీ గమ్మునే ఉండాడు” అన్నాడు రామాంజినప్ప.

కట్టు కట్టి చూపించడానికి డాక్టరు గుడ్డ అడిగితే, బయ్యప్ప భుజం మీది తెల్ల టవలు తీసి ఇచ్చాడు. ఖాకీ కోటు మీద ఆ టవలు లేకుండా అతన్ని ఆ దారిలో ఎవరూ చూసెరగరు. ఊళ్ళలో జనం కంపెనీ పేరు చెప్పరు. తెల్ల టవలు బస్సు పోయిందా అనే అడుగుతారు.

ఇప్పుడు రామాంజినప్ప హనుమక్క ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ఊపిరి సన్నగా ఆడుతోంది. నోట్లో పడిన మట్టి వేలితో తీసి, ఎవరిదో చాప పరిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. తొడ కోసుకుపోయిన ఇంకొకాయనకు పాత పంచె చించి బిగించి కట్టాడు. ఒక్క ప్రాణం కూడా పోకూడదు. పోయిందంటే బయ్యప్ప నేరుగా జైలుకే. ఈ కండక్టరు పని ఇప్పించింది ఆ మనిషే. యజమాని ముందు బయ్యప్ప నోరు తెరిచింది ఆ ఒక్కసారేనని కంపెనీలో ఇప్పటికీ చెప్పుకొంటారు.

ఆ బయ్యప్ప మాత్రం వంక దాటే చోట కట్టిన మోరీ గోడ మీద, రోడ్డుకు వీపు పెట్టి, చేల దిక్కు తిరిగి కూర్చున్నాడు. ముందుకు ఒంగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని.

చూసి చూసి రామాంజినప్పకు కోపం వచ్చింది. ఉన్నచోటు నుంచే అన్నాడు. “మామా, నువ్వు గూడా నేర్చుకుంటివి గదా. లేసి ఒక చెయ్యి వేయగూడదా?”

బయ్యప్ప తిరగలేదు. ఒక చెయ్యి కొంచెం పైకెత్తి, ముందు వాళ్ళను చూడు అన్నట్టు హనుమక్క వైపు చూపించి, మళ్ళీ దించుకున్నాడు.

పక్క చేనులో కలుపు తీస్తున్న కెంపమ్మ కడవతో నీళ్ళు తెచ్చింది. తెలివి తప్పిన హనుమక్కకు పోయొద్దని రామాంజినప్ప ఆపాడు. మిగిలినవాళ్ళకు దోసిట్లో పోసి, కెంపమ్మ మోరీ దాకా పోయి వెనకనుంచే డ్రైవరును పిలిచింది. అతను తల అడ్డంగా ఊపాడు.

“తప్పు చేసినోనికి నీళ్ళు గూడా దిగవేమో” అంటూ తిరిగొచ్చింది. “నడుముకు టవలు బిగిచ్చుకోని కూర్చోనుండాడు, చేను కాపలాకొచ్చినట్ల.”

వెంకటరాయప్ప మూలుగు మధ్యలో ఆపి ఆ మాట అందుకున్నాడు. తాగి నడిపి ఉంటాడన్నాడు, సిగ్గుతోనే మొహం అటు తిప్పుకున్నాడన్నాడు. రామాంజినప్పకు ఎదురు చెప్పే ఓపిక లేదు. సిగ్గు సంగతి నిజమేనేమో అని కూడా అనిపించింది.

పొద్దు వాలుతుండగా చింతామణికి పోయే లారీ ఒకటి ఆగింది. హనుమక్కను చాపతో సహా ఎత్తి ఎక్కిస్తుంటే ఆమె కళ్ళు తెరిచింది.

“నా కోడి యాడుండాదప్పా?” అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రామాంజినప్పకు ఏడుపు వచ్చింది. తొడకు కట్టున్న ఆయన ఎక్కాడు, వెంకటరాయప్ప అరుస్తూ ముందు సీటు సంపాదించుకున్నాడు. ఇంకెవరైనా ఉన్నారా అని లారీ డ్రైవరు అడిగాడు. బస్సు కింద, సీట్ల సందుల్లో గమ్మునున్నవాళ్ళెవరైనా మిగిలారేమోనని రామాంజినప్ప ఇంకోసారి వంగి చూసి వచ్చాడు.

“ఎవురూ లేరు. పోనియ్యప్పా.”

లారీ దుమ్ములో కలిసిపోయింది. అప్పుడు రోడ్డు పక్కనే చతికిలబడి, తల మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఎవరూ పోలేదు. మామ జైలుకు పోడు. లేచి పోయి ఆ మాట చెప్పాలనుకుంటూనే కళ్ళు మూసుకున్నాడు.

చేలగట్టు మీద సైకిలు తోసుకుంటూ, బయ్యప్ప కూర్చున్న మోరీ ముందు నుంచి పోలీసు దఫేదారు వచ్చాడు. డ్రైవరు ఎవరని అడిగాడు.

“మోరీ మింద కూర్చోనుండాడే సార్, తెల్ల టవలు కట్టుకోని, ఆయప్పే” అన్నాడు రామాంజినప్ప తల ఎత్తకుండా.

దఫేదారు వచ్చిన దారి వైపు తిరిగి చూశాడు.

“ఆయప్ప కట్టుకోనుండేది ఎర్ర టవలు గదప్పా.”