వారం గోళీ

“వారం గోళీ అన్నవా, లేదా? ముందుగాల గది చెప్పు!”

దుర్గయ్య చేతిలోని గోళీల షీటును కౌంటరు అద్దం మీద కొట్టినంత పని చేశాడు. ఆబిడ్స్‌లోని ఆ మందుల షాపులో సేల్స్‌మన్ రవికిరణ్ షీటు తిప్పి చూశాడు.

“ఔ, గట్లనే అన్న. వారానికి ఒకటి ఏసుకుంటరు కాబట్టి వారం గోళీ అన్న. తప్పేముంది?”

“గిప్పుడు చెప్తున్నవు కదా వారానికి ఒకటని, గా మాట గా దినం ఎందుకు చెప్పలే? వారం గోళీ అని కవర్ల ఏసి చేతుల పెట్టినవ్. వారం దినాలు మింగే గోళీ అనుకున్న నేను. రోజుకొకటి ఇచ్చిన. ఆరు రోజులు, ఆరు గోళీలు!”

రవికిరణ్ మొహంలో రంగు మారింది. అయినా తగ్గలేదు. “డాక్టర్ చీటీ మీద రాసే ఉంది కదా పెద్దాయనా, ఇంగ్లీషుల.”

“నాకు ఇంగ్లీషే వస్తె నిన్నెందుకు అడుగుత?”

దుర్గయ్యకు ఒళ్లు మండిపోతోంది. భార్య భాగ్య నాంపల్లిలో ఒక దవాఖాన మంచం మీద ఉంది. నోటి నిండా పుండ్లు, గుక్కెడు నీళ్లు కూడా దిగడం లేదు. రక్తంలో కణాలు పడిపోయాయనీ, మూడు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేమనీ డాక్టర్లు అన్నారు. గౌలిగూడలో పూలు కట్టి అమ్మే మనిషి ఆమె. కీళ్లవాతంతో వేళ్లు వంగక, మళ్లీ దండ కట్టగలిగితే చాలునని ఆశపడి మందు మొదలుపెట్టింది. ఆ గోళీని రోజూ పొద్దున్నే చాయ్‌తో పాటు అందించింది దుర్గయ్యే. తన చేత్తోనే ఇచ్చానన్నది గుర్తొచ్చినప్పుడల్లా అతని కోపం రెట్టింపవుతోంది.

తప్పు కనిపెట్టింది కూతురు రజని. కోఠిలో బీమా ఆఫీసులో ఉద్యోగం ఆమెకు. నాలుగేళ్లు హాస్టల్లో ఉండి చదువుకుంది. ఏం చదివిందని ఎవరైనా అడిగితే ‘పెద్ద చదువే’ అంటాడు దుర్గయ్య, అంతకు మించి అతనికి తెలియదు. నిన్న సాయంత్రం దవాఖానకు వచ్చి షీటు చూడగానే, “బాపూ, ఇది వారానికి ఒక్కటే ఎయ్యాలె!” అంది. తర్వాత కవరు మీద షాపు పేరు చదివి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. అప్పటి నుంచి ఒకటే పాట, గొడవ వద్దు, ముందు అమ్మను చూసుకుందామని. ఇప్పుడు కూడా వెంట వచ్చిందే గాని లోపల అడుగు పెట్టలేదు. ఫుట్‌పాత్ మీద, వరసగా పెట్టిన స్కూటర్ల పక్కన నిలబడిపోయింది. ఇంత చదివీ ఇంత పిరికితనమా అని దుర్గయ్యకు చిరాకేసింది.

“దవాఖానల మందులిచ్చే నవత మేడం పొద్దుగాల నన్ను కూసోబెట్టి అంత చెప్పింది,” అన్నాడు మళ్లీ గొంతు పెంచి. “సోమారమా, బేస్తారమా, ఏ రోజు ఏసుకుంటరో అడగాలెనంట. గా రోజు పేరు కవరు మీద తెలుగుల రాయాలెనంట. నోట్ల పుండ్లయితె గోళీ ఆపి ఉరికి రమ్మనాలెనంట. ఆఖరికి, ఎట్ల ఏసుకుంటవో నువ్వు చెప్పమని మనతోని చెప్పించుకోవాలెనంట. ఫార్మసిస్టంటె గదంట పని. నువ్వు చేసినవా?”

“నేను ఫార్మసిస్టును కాదు,” అన్నాడు రవికిరణ్ నెమ్మదిగా. “నాది ఇంటర్ ఫెయిల్. డబ్బా మీద పేరు చూసి ఇస్త, గంతే.”

“మరి ఫార్మసిస్టు ఏడి?”

“రాదు.”

“ఇయ్యాల రాదా?”

“ఏ రోజూ రాదు. సర్టిఫికెట్ గామెది, షాపు మా సారుది. నెల నెల కిరాయి పోతది. నేను చేరి రెండేండ్లాయె, గామెను ఒక్కపారి చూడలే.”

మాట అర్థమవగానే దుర్గయ్య కౌంటరు మీదికి వంగాడు.

“ఇల్లు కిరాయికిస్తరు. ఆటో కిరాయికిస్తరు. పెండ్లికి కుర్చీలు కిరాయికిస్తరు. చదువు కిరాయికిస్తరా? గామె గీడ కూసోని ఒక్క మాట చెప్పి ఉంటె నా భాగ్యకు గీ గతి పడుతుండెనా? గామెకు తల్లి లేదా? తన తల్లికి గిట్లయితె ఊకుంటదా?”

“బాపూ, పోదాం పా...” ఫుట్‌పాత్ మీద నుంచి గుమ్మం దాకా వచ్చి పిలిచింది రజని.

“నువ్వాగు బిడ్డా! గామె పేరు రాసుకున్నంక గాని కదల. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు కంప్లైంట్ ఇస్త. జైలుకు పోవాలె గామె. నా కండ్లతోని చూడాలె నేను!” రవికిరణ్ వైపు తిరిగాడు. “పేరేంది?”

“సర్టిఫికెట్ గాడ ఉంది, మీరే చూసుకోండ్రి.” రవికిరణ్ కేలండర్ వెనక నుంచి సగం కనబడుతున్న ఫ్రేమును చూపించాడు.

దుర్గయ్య స్టూలెక్కి ఫ్రేము దించాడు. అద్దం నిండా దుమ్ము. భుజం మీది తువ్వాలతో గట్టిగా తుడిచాడు. పైన ఇంగ్లీషు అక్షరాలు, కింద ముద్ర, మూలన చిన్న ఫొటో. పేరు చదవడం రాకపోతే ఏం, ఆ మొహం గుర్తుపెట్టుకుంటే చాలనుకుని వెలుతురులో పెట్టి చూశాడు.

ఫొటోలో ఉన్నది రజని.